ఇరవై ఏడో సిపారా

కంటికి కనబడనివాటి గురించి కథలు చెప్పే మనిషిని కాను నేను. శ్రీ సిటీలోని ఒక కర్మాగారంలో, కొలత పరికరాలను సరిచూసే విభాగంలో పనిచేస్తున్నాను. ఒక పరికరం చూపించిన అంకెను, దాన్ని మరో ప్రామాణికంతో పోల్చి చూసేదాకా నమ్మకపోవడమే నా వృత్తి. మా గ్రంథంలో జిన్నుల ప్రస్తావన ఉంది. దాన్ని నేను కాదనను. కానీ తలుపు కొట్టుకుంటే గాలి అనుకున్నానే గాని ఇంకేదో అని ఏనాడూ అనుకోలేదు. దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి.

అందుకే ఇది రాయడానికి చాలా కాలం వెనకాడాను. రాస్తానని చెప్పినప్పుడు మా తమ్ముడు అబ్బాస్ ఒక్కటే అడిగాడు.

“నన్ను అనుమానించింది కూడా రాస్తావా అన్నా?”

రాస్తానని చెప్పాను. అది లేకపోతే ఇందులో చెప్పడానికి ఏమీ మిగలదు.

మేము షియాలం. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల మా వాళ్ళ ఇళ్ళు తక్కువ. పెద్ద నగరాల్లో ఉన్నట్టు మాకు మతవిద్య నేర్పే పాఠశాలలు, గ్రంథాలయాలు లేవు. మా ఇంట్లో మాట కూడా తెలుగే. ఉర్దూ మొహర్రం సభలకే పరిమితం. పిల్లలంతా తెలుగు బడుల్లో చదివినవాళ్ళు. అరబీ అక్షరాలను కూడబలుక్కుని చదువుతారు, అర్థం తెలియదు. ఆ లోటును మా వీధిలో పూడ్చిన మనిషి మా అమ్మ, జైనబ్బీ.

చిత్తూరులో మా ఇంటి ముందుగది ఆమె పాఠశాల. గోడ బీరువాలో తెలుగు అర్థంతో ఉన్న ఖురాన్ ప్రతులు ఉండేవి. గురువారం సాయంత్రం చదివే దువా అనే ప్రార్థన, కర్బలా అమరులకు సలాం చెప్పే జియారత్, మొహర్రంలో పాడే శోకగీతాలు, వీటన్నిటికీ ఉచ్చారణను తెలుగు లిపిలో రాయించి, జెరాక్సు తీయించి, అట్టలకు అంటించి పెట్టుకుంది. గొంతు లోపలి నుంచి పలకాల్సిన అక్షరం కింద ఎర్ర చుక్క. నాలుకను అంగిలికి ఒత్తి పలకాల్సిన దాని కింద పచ్చ చుక్క. ఆ పద్ధతి ఆమె స్వయంగా ఏర్పరచుకున్నది. దానితో నేర్చుకున్న ఆడవాళ్ళు గూడూరు దాకా ఉన్నారు.

ఆ సామగ్రి అంతటిలో ఎక్కువగా ఊళ్ళు తిరిగింది ఒక చెక్కపెట్టె.

ఖురాన్‌ను చదువుకునే సౌలభ్యం కోసం ముప్పై భాగాలుగా విభజించారు. ఒక్కో భాగాన్ని సిపారా అంటాం. ముప్పై సిపారాలూ ముప్పై పలుచని పుస్తకాలుగా విడివిడిగా దొరుకుతాయి. ఒక ఇంట్లో ఎవరైనా పోతే బంధువులు, ఇరుగుపొరుగు ఒకచోట కూర్చుని, తలా ఒక సిపారా చదువుతారు. ఒకే పూటలో గ్రంథమంతా పూర్తవుతుంది. ఆ పుణ్యాన్ని పోయినవాళ్ళ పేరిట సమర్పిస్తారు.

ఒక్క సిపారా మిగిలిపోయినా పారాయణం పూర్తయినట్టు కాదు. పూర్తి కాకుండానే పూర్తయిందని ఆ ఇంటివాళ్ళకు చెప్పడం చనిపోయిన మనిషిని మోసం చేయడమే. పెట్టె ఎవరిదో బాధ్యత వాళ్ళది. అమ్మ ఆ విషయంలో ఎంత కచ్చితంగా ఉండేదో నాకు తెలుసు. నా వృత్తిలో ఉన్న కచ్చితత్వం ఆమె నుంచి వచ్చిందేనని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆమె ఏర్పాటు ఇలా ఉండేది. మగవాళ్ళు ముందుగదిలో, ఆడవాళ్ళు లోపలిగదిలో కూర్చుంటారు. మధ్యలో తెర. తెర కింద గడప దగ్గర ఒక పీట. పీట మీద ఎడమవైపు చదవాల్సిన సిపారాలు, కుడివైపు చదివినవి. ప్రతి పుస్తకానికీ వీపున అతికించిన ఒక పట్టుదారం ఉంటుంది. పెట్టె మా ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఆ దారాలన్నీ మొదటి పేజీలో ఉండాలి. చదవడం పూర్తి చేసినవాళ్ళు దారాన్ని చివరి పేజీలోకి మార్చి, పుస్తకాన్ని కుడివైపు పెట్టాలి. పెట్టె తిరిగి వచ్చాక అమ్మ ఒక్కో పుస్తకాన్నీ తెరిచి దారం ఎక్కడుందో చూసేది.

దారం కొస పుస్తకం కింద కాస్త వేలాడేలా ఉంటుంది. అందరూ దాన్ని అలాగే వదిలేస్తారు. అమ్మ మాత్రం కొసను మడిచి, చిన్న చుట్టలా చేసి, పేజీ లోపలే ఉంచేది. వేలాడే దారాలు తెగిపోతాయని ఆమె భయం.

పెట్టె ఎవరింటికి వెళ్ళినా అమ్మ ఇరవై ఏడో సిపారానే తీసుకునేది. ఆ పుస్తకం వెనక అట్ట మీద ఎప్పటిదో ఒక టీ మరక ఉంది. ఆ సిపారాలో ఒక వాక్యం దగ్గర చదివేవాళ్ళు ఆగి, సజ్దా చేయాలి. అంటే నుదుటిని నేలకు ఆనించాలి. నమాజులో మేము నుదురు ఆనించే కర్బలా మట్టిబిళ్ళ ఒకటి, ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, పెట్టెలోనే ఉండేది. ఆ సజ్దా మీది ఇష్టంతో అమ్మ ఆ భాగం ఎంచుకుంటుందని నేను అనుకునేవాణ్ణి. కారణం అడగాలని ఎప్పుడూ తోచలేదు.

అమ్మ ఒక ఉదయం టీ కాచుకుంటూ కూలిపోయింది. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది.

నలభయ్యో రోజు కార్యక్రమాలు ముగిశాక, ఆమె సామగ్రినంతా కంప్యూటర్లోకి ఎక్కించాలని నిర్ణయించుకున్నాను. వెబ్‌సైటు ఒకటి తయారుచేశాను. మూలగ్రంథం, దాని కింద తెలుగు అర్థం, వాక్యం మీద నొక్కితే పారాయణం వినిపించే ఏర్పాటు, దువాలకూ జియారత్‌లకూ అమ్మ పెట్టిన ఎర్రచుక్కలు, పచ్చచుక్కలతో సహా తెలుగు ఉచ్చారణ. చివర్లో సామూహిక పారాయణం కోసం ఒక పేజీ. అందులో ముప్పై గళ్ళు. చదివేవాళ్ళ పేర్లు ఇస్తే ఏ సిపారా ఎవరికో అదే పంచిపెడుతుంది. చదివాక నొక్కితే గడి పచ్చగా మారుతుంది. ఎవరు చదివారు, ఎవరు చదవలేదు అన్న అనుమానానికి తావుండదు.

అబ్బాస్‌కు ఇది నచ్చలేదు. చిత్తూరు బజారులో వాడికి గాజుల అంగడి ఉంది. అమ్మ ఉన్న ఇంట్లోనే ఉంటాడు.

“పెట్టె తీసకపోయి నీ ఫొటోలు తీసుకో, వద్దనలే. కానీ మళ్ళా ఈడికే రావాల. జనాలు పిలిచేది ఈ ఇంటిని. నీ ఫోన్‌ను కాదు.”

“పెట్టెలో ఎవురు చదివినారో, ఎవురు ఊరికే తిరగేసినారో యాడ తెలస్తాది? దీంట్లో తెలస్తాది.”

“పచ్చగా నొక్కేదానికి చదవాల్నా ఏంది? నా అంగట్లో సీరియల్ లైట్లు గూడా పచ్చగా వెలగతాయి.”

ఆ మాటకు ఇంట్లో ఉన్న బంధువులంతా నవ్వారు. నాకు మాత్రం వాడు నా పనిని సాగనివ్వడన్న అనుమానం అప్పుడే మొదలైంది.

కొద్ది వారాలకు వడమాలపేటలో అమ్మ తరఫు పెద్దాయన ఒకరు పోయారు. వాళ్ళు పెట్టె కోసమే కబురు పెట్టారు, వెబ్‌సైటు కోసం కాదు. ఫొటోల కోసం తెచ్చుకున్న పెట్టెతో నేను తిరుపతిలోని మా ఇంటి నుంచి వెళ్ళాను. అబ్బాస్ చిత్తూరు నుంచి వచ్చాడు. లోపలిగదిలో సిపారాలు పంచే పని అమ్మ చెల్లెలు, మా సకీనా పిన్నమ్మ చేసింది.

మధ్యాహ్నం పారాయణం ముగిసింది. పీట మీద కుడివైపు ముప్పై పుస్తకాలూ ఉన్నాయి. ఇంటాయనతో పూర్తయిందని చెప్పాం. పెట్టెలో సర్దుతూ ఉంటే, ఇరవై ఏడో దాన్ని ఈసారి ఎవరు చదివారా అనిపించి పిన్నమ్మను అడిగాను.

“నేను ఎవురికీ ఇయ్యలేదు నాయనా. అది మీ యమ్మది గదా, చెయ్యి రాలేదు. నువ్వు చదివినావనుకుంటి.”

నేను చదవలేదు. మగవాళ్ళలో ఒక్కొక్కరినీ అడిగాను. ఎవరి సిపారా ఏదో వాళ్ళు చెప్పారు. ఇరవై ఏడు ఎవరూ చెప్పలేదు. దారం మాత్రం చివరి పేజీలో ఉంది.

నాకు తోచిన అర్థం ఒక్కటే. పారాయణం త్వరగా ముగించడానికి ఎవరో చదవకుండానే దారం మార్చి కుడివైపు పెట్టారు. అంగడి మూసి వచ్చానని పొద్దుటి నుంచీ గడియారం చూసుకుంటున్నది అబ్బాసే. ఆ సాయంత్రం నేను ఆ సిపారాను మొత్తం చదివి, సజ్దా చేసి, పెద్దాయన పేరిట సమర్పించాను. మోసం జరగకుండా చూశానని ఊరట కలిగింది. తమ్ముడి మీద కోపం మాత్రం తగ్గలేదు.

రెండోసారి చిత్తూరులోనే, మా పక్కవీధిలో. ఈసారి నేను గడపకు ఎదురుగా కూర్చున్నాను. ఇరవై ఏడోది ఎడమవైపే ఉంది. దాన్ని చివర్లో నేనే చదవాలనుకున్నాను. ఎవరో టీ అందిస్తే తీసుకుని, పెద్దవాళ్ళు పలకరిస్తే జవాబు చెప్పి, మళ్ళీ పీట వైపు చూసేసరికి ఎడమవైపు ఖాళీగా ఉంది. టీ మరక ఉన్న అట్ట కుడివైపు, అన్నిటికన్నా పైన కనబడింది.

తెరిచి చూశాను. దారం చివరి పేజీలో ఉంది. దాని కొస మడిచి, చిన్న చుట్టగా, లోపలే పెట్టి ఉంది.

నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండిపోయింది. అమ్మ అలవాటు తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? నేను, పిన్నమ్మ, అబ్బాస్. పిన్నమ్మ ఆ సమయంలో నాకు వినబడేలా తన సిపారా చదువుతూనే ఉంది. అబ్బాస్ గడప పక్కనే కూర్చున్నాడు.

వాణ్ణి వీధిలోకి పిలిచి అడిగాను.

“నేను ముట్టలేదన్నా.”

“మరి ఎవురు ముట్టినట్టు?”

“అది నువ్వే చెప్పాల.”

ఆ జవాబును నేను పొగరుగా తీసుకున్నాను. దానికి వేరే అర్థం ఉందని అప్పుడు తట్టలేదు.

ఈలోగా ఆడవాళ్ళలో మాట పాకింది. జైనబ్బీ పెట్టెను వదల్లేదట, ఇప్పటికీ తన వంతు తానే చదువుతోందట. గూడూరు నుంచి కూడా ఫోన్లు వచ్చాయి. పెట్టె ఎప్పుడు దొరుకుతుందని అడిగేవాళ్ళే గాని, నెలల తరబడి కూర్చుని చేసిన వెబ్‌సైటు గురించి అడిగేవాళ్ళు లేరు. ఆ మాట వల్ల లాభం ఎవరికి? పెట్టె ఇంట్లోనే ఉండాలన్నవాడికి. నా అనుమానానికి ఇప్పుడు కారణం కూడా దొరికింది. వాడు తొందరపాటుతో చేయడం లేదు. కావాలనే అమ్మ చేతి అలవాటును అనుకరిస్తున్నాడు. పోయిన తల్లిని అడ్డం పెట్టుకుని ఆడే నాటకం అది. అలాంటి మనిషితో ఇక ఏ సంబంధమూ ఉంచుకోకూడదనే దాకా వెళ్ళింది నా ఆలోచన.

అమ్మ బర్సీ, అంటే తొలి సంవత్సరీకం, దగ్గరపడింది. ఈసారి ముప్పై సిపారాలూ ఆమె కోసమే. అందులో ఒక భాగం నాటకం అయితే నేను భరించలేను. అందరి ముందూ తేల్చేయాలని నిశ్చయించుకున్నాను.

మా విభాగంలో, సరిచూసిన పరికరాన్ని పారదర్శకమైన కవరులో పెట్టి, మూతి అతికించి, దాని మీద ఒక స్టిక్కరు వేస్తాం. స్టిక్కరును ఏ మాత్రం పైకి లేపినా వెండిరంగు గళ్ళు బయటపడతాయి. మళ్ళీ అతికించినా పోవు. ప్రతి స్టిక్కరుకూ వేరే సంఖ్య ఉంటుంది. పై అధికారి అనుమతితో అలాంటివి కొన్ని అడిగి తెచ్చుకున్నాను.

బర్సీకి ముందురోజు తిరుపతిలో మా ఇంట్లో, వజూ, అంటే నమాజుకు ముందు చేసే శుద్ధి, చేసుకుని, ఇరవై ఏడో సిపారాను చేతిలోకి తీసుకున్నాను. దారాన్ని మొదటి పేజీలో పెట్టాను. కొసను కింద వేలాడేలా వదిలాను. ఫోనుతో ఫొటో తీశాను. పుస్తకాన్ని కవరులో పెట్టి, మూతి వేడితో అతికించి, స్టిక్కరు వేసి, కవరు మీదికి సాగేలా సంతకం చేశాను. కవరులోంచి దారం కొస స్పష్టంగా కనబడుతోంది. దాన్ని భుజానికి తగిలించుకునే సంచీలో పెట్టాను. రాత్రి ఆ సంచీని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను. మర్నాడు చిత్తూరుకు నా కారులోనే వెళ్ళాను. అక్కడ కూడా సంచీ నా భుజం దిగలేదు. వజూ చేసేటప్పుడు మాత్రం నా కళ్ళెదురుగా ఉన్న కొక్కేనికి తగిలించాను.

సంచీలో ఏముందో పిన్నమ్మ ఎలాగో చూసింది.

“ఇదేంది నాయనా, కవర్లో పెట్టి సీలు కొట్టినావు? ఖురానుకు గూడా సీలేనా? ఇదేమన్నా రేషన్ బియ్యమా?”

“సాయంత్రం చెప్తా పిన్నమ్మా.”

“చెప్పు, చెప్పు. మీ యమ్మ ఉండింటే చెవి మెలిపెట్టిండేది.”

ఆ రోజు నా వెబ్‌సైటును కూడా మొదటిసారి ఉపయోగించాను. వచ్చినవాళ్ళ పేర్లు ఎక్కించాను. ఇరవై ఏడో గడిలో నా పేరు నేనే పెట్టుకున్నాను. మిగిలినవి అది పంచింది. తెర దగ్గర నిలబడి, ఫోను చూస్తూ, ఎవరికి ఏదో గట్టిగా చదివి పిన్నమ్మ చేతికి పుస్తకాలు అందించాను.

“ఇరవై ఒకటి, జెహ్రా.”

జెహ్రా మా ఎదురింటి అమ్మాయి, టీచరు శిక్షణ చదువుతోంది. అమ్మ దగ్గరే చదవడం నేర్చుకుంది. తెర సందులోంచి చూస్తే, ఆ అమ్మాయి పుస్తకాన్ని అందుకోకుండా తల వంచుకుని నిలబడి ఉంది. గదిలోని ఆడవాళ్ళంతా ఆమె వైపే చూస్తున్నారు. పిన్నమ్మ చటుక్కున ఆ పుస్తకాన్ని తన ఒడిలో పెట్టుకుని, తనకు వచ్చిన దాన్ని ఆమెకు ఇచ్చింది. తర్వాత తెర దాటి వచ్చి నన్ను వరండాలోకి నడిపించింది.

“ఆ నాలుగు సిపారాల సంగతి నీకు తెలుసునా?”

“ఏ నాలుగు?”

“ఇరవై ఒకటి, ఇరవై నాలుగు, ఇరవై ఏడు, ముప్పై. వాటిల్లో సజ్దా తప్పనిసరిగా చెయ్యాల్సిన వాక్యాలు ఉండాయి. ముట్టులో ఉండే ఆడమనిషి ఆ వాక్యాలు చదవకూడదు. నువ్వు గడప కాడ నిలబడి పేరు పెట్టి పిలిస్తివి. ఆ పిల్ల ఏం చెప్పాల? అంతమందిలో నాకొద్దు అని యాడ చెప్పుకుంటాది?”

చేతిలోని ఫోనును జేబులో పెట్టుకున్నాను.

“మీ యమ్మ ఇరవై ఏడు ఎందుకు తీసుకునేదనుకున్నావు? మూడు మా మాదిరి ముసిలోళ్ళకిచ్చి, నాలుగోది తను తీసుకునేది. ఏ ఆడపిల్లా నోరు తెరిచి చెప్పుకోవాల్సిన పని పడకుండా. ఇన్నేండ్లల్లో ఎవురికీ ఎందుకని తెలీదు. అదీ మీ యమ్మ.”

అమ్మ ఎర్రచుక్కలు, పచ్చచుక్కలు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించానని అనుకుంటున్నాను నేను. ఆమె చేసిన అసలు పని అందులో లేదు. అయినా నా నిశ్చయం సడలలేదు. సిగ్గుపడటం వేరు, అనుమానం తీరడం వేరు.

పారాయణం సాగింది. మధ్యాహ్నపు ఎండ వాకిట్లో తెల్లగా ఉంది. కుడివైపు ఒక్కొక్కటిగా పుస్తకాలు పేరుకున్నాయి. ఎడమవైపు ఖాళీ అయింది. ఇరవై తొమ్మిది. నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

అప్పుడు లేచి నిలబడి, సంచీ తెరిచి, కవరు బయటికి తీశాను.

“ఇన్ని దినాలూ దీన్ని ఎవరో చదవకుండానే కుడిపక్క పెడతా వచ్చినారు. అమ్మ పేరు అడ్డం పెట్టుకుని. ఈ రోజు ఇది నా దగ్గరే ఉండాది. ఇంకెవురూ పెట్టలేరు.”

పేరు చెప్పలేదు. కానీ నా చూపు ఎవరి మీద ఉందో అందరూ చూశారు. అబ్బాస్ ముఖం వాడిపోయింది. వాడు లేచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

“చింపన్నా. అందరి ముందరే చింపు.”

ముందు స్టిక్కరును పరిశీలించాను. భూతద్దం తెచ్చుకున్నాను. సంఖ్య ఫొటోలో ఉన్నదే. సంతకం గీత ఎక్కడా తెగలేదు, జరగలేదు. వెండిగళ్ళు లేవు. అతికించిన అంచు నాలుగువైపులా గట్టిగా ఉంది. అట్ట మీద టీ మరక ఉంది. ఇన్ని చూసినవాణ్ణి, అన్నిటికన్నా సులువుగా కనబడాల్సిన దాన్ని చివర్లో చూశాను. పుస్తకం కింద వేలాడాల్సిన దారం కొస లేదు.

కత్తెరతో కవరు కత్తిరించాను. మొదటి పేజీ తెరిచాను. దారం లేదు. చివరి పేజీ తెరిచాను. అక్కడ ఉంది. కొస మడిచి, చిన్న చుట్టగా, లోపలే.

తెర వెనక ఒకరు సలవాత్, అంటే ప్రవక్త మీద దీవెన, మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశారు.

అబ్బాస్ పుస్తకం వైపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

“నేను ఇన్ని దినాలూ నువ్వే అనుకుంటా ఉండాను అన్నా.”

“నేనా?”

“పెట్టెలో లెక్క కుదరదని జనానికి చూపించాలని. అట్లయితే అందరూ నీ ఫోన్‌కు మారతారని. అమ్మ మాదిరిగా దారం గూడా చుట్టినావంటే ఎంత కఠినం నీకు అని ఏడ్చినాను కూడా.”

ఆ రోజు వీధిలో ‘అది నువ్వే చెప్పాల’ అని వాడు అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. నేను వాణ్ణి కాపలా కాసినంత కాలమూ వాడు నన్ను కాపలా కాశాడు.

పిన్నమ్మే ముందుగా తేరుకుంది. “ఇప్పుడు దీన్ని చదివినట్టా, చదవనట్టా?” అంది తెర వెనక నుంచి.

“పోయినోళ్ళు చదవరు పిన్నమ్మా,” అన్నాడు అబ్బాస్. “పోయినోళ్ళ కోసరం మనం చదవాల. చదువన్నా.”

నేను కూర్చుని పైకి చదివాను. వాడు నా పక్కన కూర్చుని, తెలుగు అర్థం ఉన్న ప్రతిలో వరుసలను వేలితో వెంబడిస్తూ విన్నాడు. సజ్దా వాక్యం దగ్గర ఆగాను. పెట్టెలోంచి ఆకుపచ్చ గుడ్డ తీసి, మట్టిబిళ్ళను నేల మీద పెట్టాను. నేను నుదురు ఆనించాను; తర్వాత వాడు. బిళ్ళ చల్లగా, పొడిగా, ఎప్పటిలాగే ఉంది. ఇది కూడా రాయడం అవసరం. విచిత్రంగా ఉన్నవి మాత్రమే ఏరి చెబితే అది సాక్ష్యం కాదు.

తర్వాత నాకు చేతనైన పరీక్షలన్నీ చేశాను. అలాంటి దారమే ఉన్న వేరే పలుచని పుస్తకాన్ని అలాంటి కవరులోనే అతికించి, కారులో పెట్టుకుని తిరుపతి, చిత్తూరు మధ్య తిరిగాను. కుదిపాను, వంచాను, ఎండలో ఉంచాను. దారం పేజీ మారలేదు. తనంతట తాను చుట్టుకోలేదు. నేనే పొరపాటున చివరి పేజీలో పెట్టి ఉంటానా? ఫొటో ఉంది. దారం మొదటి పేజీలో, కొస వేలాడుతూ ఉంది. ఎవరైనా వేరే స్టిక్కరు వేశారా? అదే సంఖ్యతో ఇంకొకటి ఉండదు. నా సంతకాన్ని నేను గుర్తుపట్టగలను. నిద్రలో నేనే ఏమైనా చేశానా అని కూడా ఆలోచించాను. చేసి ఉంటే కవరు చిరిగి ఉండాలి.

అమ్మ చదివిందని నేను నమ్మడం లేదు. మా విశ్వాసం ప్రకారం కూడా అది కుదరదు. ఆ మాట అబ్బాసే చెప్పాడు. కానీ ఎవరు చదివారో, అసలు ఎవరైనా చదివారో, మూసిన కవరులో దారం ఎలా కదిలిందో ఈ రోజుకీ నేను వివరించలేను.

వెబ్‌సైటును తీసేయలేదు. గూడూరు వాళ్ళు దువాలు నేర్చుకోవడానికి వాడుతున్నారు. పంచే పద్ధతి మాత్రం మార్చాను. ఆ నాలుగు గళ్ళూ ఇప్పుడు ఎవరి పేరునూ తమంతట తాము తీసుకోవు. పిన్నమ్మ చెప్పినవాళ్ళకే వెళతాయి. ఎందుకో అందులో ఎక్కడా రాయలేదు. పెట్టె చిత్తూరులో, అబ్బాస్ దగ్గరే ఉంది.

మొన్న మళ్ళీ ఒక ఇంటి నుంచి కబురు వచ్చింది. బయలుదేరేముందు పుస్తకాలన్నిటిలో దారాలు మొదటి పేజీకి మారుస్తూ కూర్చున్నాం ఇద్దరం. ఇరవై ఏడోది నా చేతికి వచ్చింది. దాని దారాన్నీ మొదటి పేజీలో పెట్టాను. అబ్బాస్ దాన్ని చూసి, నెమ్మదిగా అడిగాడు. అందులో ఎగతాళి లేదు.

“ఇంకోసారి సీలు వేసి సూద్దామా అన్నా?”

ఒక్కసారి వచ్చిన ఫలితాన్ని ఫలితం అనరు. మళ్ళీ కొలవాలి. నా వృత్తిలో చేరిన కొత్తవాళ్ళకు నేను మొదట చెప్పేది అదే. కవర్లు నా సంచీలోనే ఉన్నాయి.

“స్టిక్కర్లు అయిపోయినాయి,” అన్నాను.

అయిపోలేదు. వాడికీ ఆ సంగతి తెలుసు. కానీ ఈసారి కవరు తెరిచినప్పుడు దారం మొదటి పేజీలోనే, నేను పెట్టినట్టే వేలాడుతూ కనబడితే? ఆ కొలత తీసుకునే ధైర్యం నాకు లేదు.

ఆ ఇంట్లో ఇరవై ఏడో సిపారాను అబ్బాస్ అడిగి తీసుకున్నాడు. పుస్తకాన్ని ఒడిలో పెట్టుకుని, తెరవబోతూ ఆగి నా వైపు చూశాడు. దారం ఇప్పుడు ఎక్కడుందో చెప్పమంటావా అని వాడి కళ్ళు అడుగుతున్నాయి.

నేను తల అడ్డంగా ఊపాను.